ఇంట్లో ఎవరూ లేరు

ఆ బిల్డింగులో ఆవిణ్ణి టకటకావిడ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. మూడో అంతస్తు మెట్ల మలుపు తిరిగేసరికి ఆ తలుపు వెనకనుంచి కీబోర్డు చప్పుడు వినిపిస్తుంది కాబట్టి ఆ పేరు. పొద్దున్న ఆఫీసులకు వెళ్ళేవాళ్ళకీ వినిపిస్తుంది, సాయంత్రం కూరల సంచులతో ఆయాసపడుతూ ఎక్కేవాళ్ళకీ వినిపిస్తుంది. లోపలి మనిషి ఎలా ఉంటుందో మాత్రం చాలామందికి సరిగ్గా గుర్తులేదు. సన్నగా, పొడుగ్గా, యాభై దాటిన మనిషి. కళ్ళజోడు తాడుకట్టి మెడలో వేలాడుతూ ఉంటుంది. మెట్ల మీద ఎవరైనా ఎదురైతే గోడవైపు ఒదిగి దారిచ్చి, తల ఊపి వెళ్ళిపోతుంది.

ఆవిడ చేసే పని వినడం. విన్నది విన్నట్టు టైపు చెయ్యడం. డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు, కంపెనీల మీటింగులు, ఎవరో పరిశోధకులు ముసలివాళ్ళ పక్కన కూర్చుని రాబట్టిన పాత కబుర్లు అన్నీ ఫైళ్ళుగా వస్తాయి. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, కాలి కింద పెడల్ నొక్కి మాటను ఆపుతూ, వెనక్కి తిప్పుతూ ఒక్కొక్క మాటనే అక్షరాల్లో పెడుతుంది. తేలిక రికార్డింగులన్నీ ఇప్పుడు యంత్రమే రాసేస్తోంది. దానికి చేతకాక వదిలేసినవి ఈవిడకు వస్తాయి. ఫ్యాను హోరులో మునిగిపోయినవి, నలుగురు ఒకేసారి మాట్లాడినవి, పళ్ళూడిన నోళ్ళలోంచి వచ్చినవి.

ఆ గొంతులవాళ్ళందరూ ఆవిడకు బాగా తెలుసు. ఎముకల డాక్టరు ఒకాయన ప్రతి వాక్యానికి ముందూ గొంతు సవరించుకుంటాడు. ఆయనకు జలుబు చేస్తే ఈవిడ మనసులో, 'కాస్త వేడినీళ్ళు తాగొచ్చుగా' అనుకుంటుంది. ఏదో కంపెనీ మీటింగులో ఒక మనిషి అప్పుడప్పుడు చిన్న జోకు వేస్తాడు. అక్కడ ఎవరూ నవ్వరు. ఇక్కడ ఈవిడ ఒక్కతే పెడల్ ఆపి నవ్వుకుంటుంది. ఆ నవ్వు అతని దాకా చేరే దారి లేదు. అసలు తన జోకు వినడానికి ఇలాంటి మనిషి ఒకతె ఉందని అతనికి గానీ, ఆ డాక్టరుకు గానీ, ఆ ముసలివాళ్ళకు గానీ తెలియదు.

మొదట్లో ఆ ఇంట్లో ఇద్దరుండేవారు. ఈవిడా, ఈవిడ చెల్లెలూ. చెల్లెలు ఒక కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేది. ఈవిడ ఎంత తక్కువ మాట్లాడుతుందో ఆ పిల్ల అంత వాగుడుకాయ. వంటగదిలో మొదలుపెట్టిన మాట స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నా ఆపేది కాదు. నలభై ఏళ్ళు దాటాక, దుకాణానికి అద్దాలు సరఫరా చేసే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. ఆయనది వేరే ఊరు, బస్సులో సగం పూట ప్రయాణం. వెళ్ళేటప్పుడు అక్కను కూడా రమ్మంది.

"అక్కడ వెనకవైపు ఒక గది ఖాళీగానే ఉంది. నీ కంప్యూటరు అక్కడ పెట్టుకుంటే పని జరగదా?"

"నేనెవరి సామాన్లలోనూ ఒక సామాను కాను," అంది అక్క.

"అంత మాటెందుకు? ప్రేమగా రమ్మంటే పుల్ల విరిచినట్టు మాట్లాడతావేం?"

"నీ ప్రేమ నువ్వు మోసుకెళ్ళు. నన్ను మొయ్యక్కర్లేదు."

"నీకు ఉన్నవి చెవులే అక్కా. మనసు లేదు."

నీటికి నాచు తెగులు, మాటకి మాట తెగులు అంటారు. ఆ పూట అక్కడితో ఆగలేదు. చెల్లెలు వెళ్ళిపోయాక ఫోన్లో కూడా రెండుసార్లు అదే గొడవ నడిచింది. రెండోసారి ఈవిడ కోపంతో చెల్లెలి నంబరు బ్లాక్ చేసేసింది. మర్నాడు తీసేద్దాం అనుకుంది. మర్నాడు తీసేస్తే తనే తగ్గినట్టు ఉంటుందని ఇంకో రోజు ఆగింది. అలా ఆగుతూ ఆగుతూ నాలుగేళ్ళయింది. చెల్లెలు కూడా మొండిదే కదా, అందుకే చెయ్యడం లేదు అని తనకు తాను చెప్పుకోవడం అలవాటైపోయింది. బ్లాక్ చేసింది తనే అన్న సంగతి మనసులో ఎక్కడో అడుగున పడిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం, ఒక ముసలాయన తన చిన్నప్పటి వరద గురించి చెబుతూ ఉండగా, నీళ్ళు గుమ్మం దాకా వచ్చాయనేసరికి కంప్యూటరు ఆగిపోయింది. స్క్రీను నల్లబడింది. మళ్ళీ ఆన్ చేస్తే లోపల ఏదో కీచుమంది గానీ వెలగలేదు. రెండు వీధుల అవతల కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్ దగ్గరికి ఆ బరువైన డబ్బాను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్ళింది. అతను మూత విప్పి, టార్చి వేసి చూసి, పెదవి విరిచాడు.

"మదర్‌బోర్డు పోయిందండీ. ఈ మోడల్‌కి విడిభాగాలు దొరకడం మానేసి చాలా కాలమైంది. కొత్తది తీసుకోండి."

"ఇంకేం చెయ్యలేరా?"

"ఇది ఇన్నాళ్ళు బతకడమే గొప్పండీ. ఏం పెట్టి పెంచారో!"

కొత్తది ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టింది. ఆ షాపింగు యాప్‌లో ఖాతా ఎప్పుడో చెల్లెలు ఇంట్లో ఉన్నప్పుడు తెరిచిందే. పాస్‌వర్డు కూడా చెల్లెలు పెట్టిందే, ఇద్దరూ కలిసి ఉన్నప్పుడు పెంచిన పిల్లి పేరు. చెల్లెలు వెళ్ళాక దాన్ని వాడే అవసరం రాలేదు. కావలసినవన్నీ వీధి చివరి కొట్లోనే దొరికేవి. ఇప్పుడు తెరిస్తే చిరునామా అదే ఉంది, పేరు అదే ఉంది. ఇంకేమీ చూడకుండా ఆర్డరు నొక్కేసింది. బుధవారం వస్తుందని చూపించింది. పని పంపే సూపర్‌వైజరుకు ఫోన్ చేసి ఆ మాట చెప్పింది.

"బుధవారమా? సరేనండీ. ఈలోగా మీ ఫైళ్ళు వేరేవాళ్ళకి ఇస్తాను," అంది సూపర్‌వైజరు.

"ఆ వరద ఫైలు మాత్రం ఉంచండి. సగంలో ఉంది."

"అర్జెంటుదండీ అది. పంపేశాను కూడా."

ఆ ముసలాయన ఇల్లు మునిగిందో లేదో ఇక తెలియదు.

బుధవారం రాలేదు. గురువారం కూడా రాలేదు. యాప్‌లో ఒక పచ్చ గీత మీద చిన్న లారీ బొమ్మ కదలకుండా నిలబడి ఉంది. చేసేదేమీ లేక ఆవిడ ఇల్లంతా దులిపింది. టేబులు మీద కంప్యూటరు ఉండే చోట దుమ్ము పట్టని చతురస్రం ఒకటి మిగిలింది, దాన్ని కూడా తుడిచింది. పైఇంటి కుర్చీ ఈడ్చిన చప్పుడు, కిందింటి కుళాయి, ఫ్రిజ్జు గురగుర, ఇవన్నీ ఇన్నేళ్ళూ ఉన్నవే అయినా హెడ్‌ఫోను వల్ల ఎప్పుడూ చెవిన పడలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ విడివిడిగా వినిపించాయి. వాటిలో ఏదీ తనతో మాట్లాడుతున్నది కాదు. అయితే హెడ్‌ఫోనులోవి మాత్రం తనతో మాట్లాడాయా? ఆ ఆలోచన వచ్చినప్పుడు లేచి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

శుక్రవారం మధ్యాహ్నం యాప్‌లో మెసేజి వచ్చింది. 'డెలివరీకి ప్రయత్నించాం. ఇంట్లో ఎవరూ లేరు.'

ఆవిడ అప్పుడు తలుపుకు నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంది. మెసేజి మళ్ళీ చదివింది. లేచి తలుపు తీసింది. మెట్లు ఖాళీగా ఉన్నాయి. కంపెనీవాళ్ళకు ఫోన్ చేసింది. పాటలూ ప్రకటనలూ అయ్యాక ఒక అబ్బాయి లైన్లోకి వచ్చాడు. ఈవిడ మాట్లాడబోతే గొంతు పెగల్లేదు. సూపర్‌వైజరుతో మాట్లాడిన తర్వాత మళ్ళీ నోరు తెరవలేదని అప్పుడు గుర్తొచ్చింది. దగ్గి, గొంతు సవరించుకుంది.

"నేను ఇంట్లోనే ఉన్నానండీ. ఎవరూ రాలేదు."

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్. మా ఏజెంటు వచ్చారు మేడమ్. బెల్ కొట్టారు, ఫోన్ కూడా చేశారు."

"నాకు ఏ ఫోనూ రాలేదు."

"మీ రిజిస్టర్డ్ నంబరుకే చేశారు మేడమ్."

"బాబూ, నేను ఇంట్లోంచి కదల్లేదు. పొద్దున్నుంచీ తలుపు దగ్గరే కూర్చున్నా."

"అర్థమైంది మేడమ్. కానీ మాకు ఇక్కడ ఇంట్లో ఎవరూ లేరనే చూపిస్తోంది మేడమ్."

"చూపిస్తే? ఉన్నాననేగా చెప్తున్నా!"

"అర్థమైంది మేడమ్. రేపు మళ్ళీ ప్రయత్నిస్తారు. నేను మీకు ఇంకేమైనా సహాయం చెయ్యగలనా?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. అయినా ఫోను పెట్టేశాక ఆవిడకు ఆ అబ్బాయి మీద కోపం నిలవలేదు. అతని వెనకాల ఇంకా పదిమంది అదే మాట పదిమందికి చెప్పడం వినిపించింది. అలాంటి హోరును విడదీసి రాయడమే తన పని కదా.

శనివారం కుర్చీని గుమ్మంలోనే వేసుకుని కూర్చుంది. అన్నం కంచం ఒళ్ళో పెట్టుకుని తింది. అడుగుల చప్పుడైనప్పుడల్లా లేచింది. పైఇంటాయన, ఎదురింటి టీచరమ్మ, ఎవరి ఇంటికో వచ్చిన చుట్టాలు. టీచరమ్మ ఆగి, "ఎవరికోసమైనా చూస్తున్నారా?" అని అడిగింది. "కంప్యూటరు కోసం," అంది ఈవిడ. టీచరమ్మ నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం మళ్ళీ అదే మెసేజి. 'ఇంట్లో ఎవరూ లేరు.' సోమవారం తలుపు బార్లా తీసి ఉంచింది. ఈసారి మెసేజి మారింది. 'ఈ చిరునామాలో ఎవరూ ఉండటం లేదు. వస్తువును వెనక్కి పంపుతున్నాం.'

ఆ మాట పుండు మీద కారం చల్లినట్టు తగిలింది. కాసేపు కాలు కాలిన పిల్లిలా ఆ గదికీ ఈ గదికీ తిరిగింది. తర్వాత దిగి కిందికి వెళ్ళింది.

ఆ బిల్డింగుకు వీధివైపు ఒక ఇనుప తలుపుంది. ఎప్పుడూ గడియపడే ఉంటుంది. పక్కన వరసగా అన్ని ఇళ్ళ బెల్ బొత్తాలూ ఉంటాయి. పైనుంచి ఎవరో ఒకరు తలుపు తీసేందుకు మీట నొక్కితేనే లోపలికి రాగలరు. తలుపు పక్క గదిలో ఒక దర్జీ ఉన్నాడు. చిన్న కిటికీలోంచి బట్టలు తీసుకుని కుడతాడు. ఆవిడ ఆ కిటికీ దగ్గర నిలబడింది.

"కాస్త నా బెల్ నొక్కి చూస్తారా? నేను పైకి వెళ్ళి వింటాను."

దర్జీ పళ్ళ మధ్యనుంచి సూది తీసి, "ఏది, మీదేది?" అన్నాడు.

తన బొత్తాం ఏదో ఆవిడకు వెంటనే గుర్తురాలేదు. వెతికి చూపించింది. పైకి వెళ్ళి గది మధ్యలో నిలబడింది. ఎంతసేపు నిలబడినా ఏమీ వినిపించలేదు. మెట్ల దగ్గరికొచ్చి కిందికి వంగి అరిచింది.

"నొక్కారా?"

"ఇందాకట్నుంచీ నొక్కుతూనే ఉన్నానమ్మా! వేలు నొప్పెడుతోంది!"

ఆవిడ మెట్ల మీదే కూర్చుంది. బెల్ ఎప్పుడు పోయింది? చివరిసారి అది మోగడం ఎప్పుడు విన్నాను? కరెంటు మీటర్లు కిందే ఉంటాయి, చూసేవాడు పైకి రాడు. కొట్టునుంచి సరుకులు తనే తెచ్చుకుంటుంది. మెకానిక్ దగ్గరికి తనే వెళ్ళింది. చెల్లెలు తాళంచెవి మర్చిపోయి రోజూ బెల్ కొట్టేది, 'ఒసే, ఇంకోసారి మర్చిపోతే మెట్ల మీదే పడుకో' అని తను తిట్టేది. దాని తర్వాత ఎవరు కొట్టారు? ఎంత ఆలోచించినా ఒక్క మొహమూ గుర్తుకు రాలేదు. నెలల కిందట పోయిందో, ఏళ్ళ కిందట పోయిందో చెప్పగలిగే మనిషి ఈ లోకంలో లేరు. బెల్ పోయినందుకు కాదు, పోయిందని తెలియకుండా బతికినందుకు ఆవిడకు ఏడుపొచ్చింది. కింద దర్జీ, "అమ్మా, ఇంకా నొక్కనా?" అని అరుస్తున్నాడు. అతను కాసేపు నొక్కి నొక్కి ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి డెలివరీ గోదాముకు వెళ్ళింది. ఊరి చివర, రేకుల కప్పు కింద పెద్ద హాలు. అట్టపెట్టెలు గుట్టలుగా పడి ఉన్నాయి. కౌంటరు దగ్గర ఇన్‌ఛార్జి నంబరు అడిగి, కంప్యూటరులో చూసి, చెయ్యి ఊపాడు.

"రాత్రి లారీలో వెనక్కి వెళ్ళిపోయిందండీ. కంపెనీవాళ్ళు మళ్ళీ పంపిస్తారు. ఎప్పుడన్నది నేను చెప్పలేను."

"నేను అక్కడే ఉన్నా. ఉండటం లేదని ఎలా రాశారు?"

"మీ వీధికి వెళ్ళేది ఎవరు? ఆ, అదిగో ఆయన. ఆయన్ని అడగండి."

పెట్టెలు సర్దుతున్న ఒక నడివయసు మనిషి వెనక్కి తిరిగాడు. చమట పట్టిన బుగ్గలు, చొక్కా జేబులో స్కానింగు మిషను. విషయం విని నుదురు కొట్టుకున్నాడు.

"అయ్యో, ఆ ఇనుప తలుపు ఇల్లా! మూడుసార్లు వచ్చానమ్మా. మీ బెల్ నొక్కాను. పక్క బెల్లు కొట్టినా ఎవరూ తియ్యలేదు, అందరూ ఆఫీసులకి పోయే టైము. కిటికీ కొట్టాను, ఆ దర్జీ ఉంటే మిషను హోరులో వినపడదు, లేకపోతే కిటికీ మూసి ఉంటుంది."

"మరి ఉండటం లేదని ఎందుకు పెట్టారు?"

"మా మిషన్లో ఉన్నవే మూడు కారణాలు. ఇంట్లో లేరు, వద్దన్నారు, అక్కడ ఉండటం లేదు. మొదటిది రెండుసార్లే తీసుకుంటుంది. మీరు వద్దనలేదు కదా. అందుకని మూడోది నొక్కాను. తప్పయితే తప్పే."

అతను కాస్త తగ్గి, "మీరు క్షేమమే కదమ్మా?" అని అడిగాడు.

"నాకేం?"

"అదే, మీ చెల్లెలుగారు తెగ కంగారు పడుతున్నారు. పార్సిల్ మీద ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే ఆవిడే ఎత్తారు. నేను ఆ ఊళ్ళో ఉండనండీ, మా అక్క ఉంటుంది, ఎక్కడికీ వెళ్ళదు, గట్టిగా కొట్టండి అన్నారు. మర్నాడు ఆవిడే తిరిగి ఫోన్ చేసి, తలుపు తీసిందా అని అడిగారు. నిన్న కూడా చేశారు. తియ్యలేదమ్మా, సరుకు వెనక్కి పోతోంది అన్నాను. నేను చేస్తే అక్కకి కాల్ కలవదు బాబూ, కాస్త మీరే పైకి వెళ్ళి చూడరా అని ఏడ్చేశారు. నాకు తలుపు ఎవరు తీస్తారు చెప్పండి?"

ఆవిడ ఫోను తీసి యాప్‌లో చూస్తే, చిరునామా కింద చిన్న అక్షరాల్లో చెల్లెలి నంబరు ఉంది. ఇన్ని రోజులూ ఆ పేజీ తెరిచి లారీ బొమ్మనే చూసింది.

తిరుగు బస్సులో ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చుంది. బ్లాక్ తీసేసింది. ఎన్నేళ్ళుగానో ఆగిన పని వేలితో రెండు నొక్కులే. కానీ ఫోన్ చెయ్యలేకపోయింది. మొదటి మాట ఏమనాలి? 'ఏమే, ఎలా ఉన్నావు' అంటే ఏమీ జరగనట్టుంటుంది. 'నేను బాగానే ఉన్నా' అంటే ఎవరడిగారు అన్నట్టుంటుంది. అందరి మాటలూ పొల్లు పోకుండా రాసే మనిషికి తనవంటూ నాలుగు మాటలు కుదరలేదు. ఇంటికెళ్ళి మంచినీళ్ళు తాగి, కూర్చుని చేద్దామనుకుంది.

బిల్డింగు ఇనుప తలుపు బార్లా తెరిచి ఉంది. మెట్ల నిండా జనం. పైఇంటాయన, దర్జీ, ఇంకెవరెవరో. ఆవిడను చూసి దర్జీ, "అరె, ఈవిడ ఇక్కడుంది!" అన్నాడు. జనం గోడవైపు ఒదిగి దారిచ్చారు. మూడో అంతస్తులో తన తలుపు తెరిచి ఉంది. తాళం ఉండే చోట గుండ్రటి కన్నం. కింద ఇనుప రజను. తాళాలు బాగుచేసే మనిషి డ్రిల్లు సంచిలో పెట్టుకుంటున్నాడు. గుమ్మంలో, ఆవిడ వేసుకుని కూర్చున్న ఆ కుర్చీలోనే, చెల్లెలు కూర్చుని ఉంది. జుట్టు కాస్త నెరిసింది. మొహం ఉబ్బిపోయి ఉంది.

ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎక్కడికి చచ్చావే!" అంది చెల్లెలు. అక్కను ఎప్పుడూ ఒసే గిసే అనని పిల్ల. "బెల్ కొట్టా, అరిచా, తలుపు బాదా. చేతులు చూడు! అసలు ఎక్కడికీ వెళ్ళదమ్మా, లోపలే ఉండుంటుంది అన్నాడు ఆ దర్జీ. లోపలే ఉండి తియ్యకపోతే నేనేమనుకోవాలి? ఏమనుకోవాలక్కా?"

"నా తాళం పగలగొట్టావా?"

"పగలగొట్టా! లోపలికి వచ్చి చూస్తే నువ్వు లేవు. మంచం కింద కూడా చూశా."

"మంచం కిందెందుకుంటాను?"

"నాకేం తెలుసు, ఎక్కడ పడున్నావో అని!"

ఎవరో నవ్వబోతే ఎదురింటి టీచరమ్మ చూపుతో ఆపి, అందరినీ మెల్లగా కిందికి పంపింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ మిగిలారు. అక్క బస్సులో అనుకున్న మాటలేవీ నోటికి రాలేదు. వెళ్ళి చెల్లెలి చేతులు పట్టుకుని చూసింది. నిజంగానే కందిపోయి ఉన్నాయి. గిన్నెలో చల్లటి నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. చెల్లెలు చేతులు ముంచుకుంది.

"నువ్వు నన్ను బ్లాక్ చేశావు," అంది.

"ఊఁ."

"నాలుగేళ్ళు. నీకు తెలుసా, మొదటి ఏడాది ప్రతి ఆదివారం చేసేదాన్ని. మూడు సార్లు కుయ్ కుయ్ మని ఆగిపోయేది. మీ మరిది నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు."

"మరి రాలేకపోయావా?"

"వస్తే తలుపు తియ్యవని భయం." చెల్లెలు ముక్కు చీదుకుంది. "మొన్న ఆర్డరు మెసేజి నా ఫోనుకు వచ్చినప్పుడు ఎంత సంతోషించానో! అక్క కొత్త కంప్యూటరు కొనుక్కుంది, బానే ఉంది అనుకున్నా. తర్వాత ఇదీ కథ."

ఆ పూట ఇద్దరూ కలిసి వండుకుని తిన్నారు. చెల్లెలు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉంది. భర్త దుకాణం, ఆయన మోకాలి నొప్పి, పక్కింటివాళ్ళ కుక్క. ఇన్నేళ్ళలో ఈవిడ చెవిని తాకిన మాటల్లో, ఆపి వెనక్కి తిప్పి మళ్ళీ వినడానికి వీల్లేనివి ఇవే. కొన్ని మాటలు జారిపోయాయి. 'ఏమన్నావు?' అని అడిగితే చెల్లెలు మళ్ళీ చెప్పింది. అడిగితే మళ్ళీ చెబుతారన్న సంగతే ఆవిడ మర్చిపోయి ఉంది.

"వచ్చెయ్యి అక్కా," అంది చెల్లెలు, పడుకోబోయే ముందు.

"వస్తా. ఉండటానికి కాదు, చూడ్డానికి."

"అదే మొండితనం."

"అదే."

ఈసారి ఇద్దరూ దాన్ని అక్కడితో వదిలేశారు. మర్నాడు కొత్త తాళం బిగించాక చెల్లెలు బయల్దేరింది. బస్సు దాకా అక్క వెళ్ళింది. కిటికీలోంచి చెల్లెలు ఏదో చెప్పింది గానీ ఇంజను మోతలో వినపడలేదు. బస్సు కదిలిపోయింది.

కంప్యూటరు తర్వాతి వారంలో వచ్చింది. ఆ నడివయసు డెలివరీ ఆయనే పెట్టెను భుజాన పెట్టుకుని మూడు అంతస్తులూ ఎక్కి తెచ్చాడు. ఫోను ముందే చేశాడు, ఈసారి ఈవిడ నంబరుకే. సంతకం పెడుతుంటే, "చెల్లెలుగారికి చెప్తారా, నేను చెప్పనా?" అని అడిగాడు. "నేనే చెప్తాను," అంది.

పని మళ్ళీ మొదలైంది. మెట్ల మలుపు దగ్గర టకటక మళ్ళీ వినిపిస్తోంది. ఎముకల డాక్టరు ఇంకా గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. ఆదివారాలు చెల్లెలు ఫోన్ చేస్తుంది, కొన్ని ఆదివారాలు మర్చిపోతుంది. మర్చిపోయిన రోజున తనే చెయ్యాలని ఈవిడకు తోచదు. తోచినా, ఇంకాసేపు చూద్దాం అని ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటుంది. చలికాలంలో ఒకసారి వెళ్ళి చెల్లెలి ఇల్లు చూసొచ్చింది. వెనకవైపు గది బాగానే ఉంది. మరిది మంచివాడే, కాకపోతే టీవీ పెద్దగా పెడతాడు. అనుకున్నదానికంటే ముందే తిరిగొచ్చేసింది. చెల్లెలే బస్సెక్కించింది. బస్సు దిగి ఇంటికొచ్చి, చీకటి గదిలో దీపం వేసుకుని, చెప్పులు కూడా విప్పకుండా కాసేపు నిలబడింది. తర్వాత చేరానని చెప్పడానికి ఫోను తీసింది.